చాకలి పద్దు

దేరాల, నాసర్ స్క్వేర్ వెనక గల్లీల మా లాండ్రీ.
యజమాని బలూచీ, దాద్ కరీం.
ఇస్త్రీ నాది.
పద్దు గూడ నాదే.

వాదిమ్ సాబు సోమవారం సోమవారం వచ్చేటోడు,
రెండు చొక్కాలు, ఒక పాంటు.
ట్రాక్టర్ల కంపెనీ అని కార్డు మీద ఉండేది.
ఇసుక దున్ని ఏం పండిస్తడని
దాద్ కరీం నవ్వేటోడు.

ఒకనాడు, ఢిల్లీల నేర్చిన హిందీల అడిగిండు:
ఈ వారం తెల్ల బట్టలు ఎన్నొచ్చినయ్?
అమెరికా నావికులవి.
చెప్పిన. దాన్ల దాచేదేమున్నది?
నాలుగు వందల పన్నెండు జతలు.
మూటకు కట్టిన చీటీ మీద ఓడ పేరుంటది,
అది గూడ చెప్పిన.
పోయేటప్పుడు యాభై దిర్హాములు ఎక్కువ పెట్టిండు.

అట్ల మూడేండ్లు.

మా తాతకు అచ్చరం ముక్క రాదు.
నల్లజీడి చుక్కలతోటి
ఊరి బట్టలన్ని ఇంటింటికి విడదీసేటోడు.
మూడు చుక్కలు పటేలోళ్ళవి,
అడ్డగీత బడిపంతులుది,
రెండు చుక్కల కింద గీతుంటే
ఆ ఇంట్ల ఎవరో పోయిన్రు,
ఈసారి గింజలడుగొద్దని.
ఈ ముచ్చట చెప్తే
వాదిమ్ సాబు స్టూలు లాక్కొని కూసున్నడు.
మాస్కోల నాకు ఇదే పని నేర్పినోడు
మీ తాతంత సాఫుగ చెప్పలేదన్నడు.
ఏ పనని నేనడగలె.

కువైట్ మండిన ఏడు
వారానికి మూడు వేల జతలు.
నీళ్ళల్ల ముంచితే నల్లగ, మసి.
పద్దు పుస్తకాలు నాలుగు నిండినయ్.
ఆయన కండ్లు గూడ ఎర్రగయినయ్,
రాత్రంతా రాస్తుండెనో ఏమో.

డిసెంబర్ ఆఖర్ల
టీ కొట్టు టీవీల ఎర్రజెండా దిగింది.
అందరం ఒక నిమిషం చూసినం.
తరువాత ఎవరో క్రికెట్ పెట్టుమన్నరు.

సోమవారం వచ్చిండు.
అలవాటుగ చెప్పిన, రెండు వందల ఆరు జతలని.
విన్నడో లేదో.
ఎవరికి పంపాలె? అన్నడు.
నన్ను కాదు, ఇస్త్రీపెట్టెను అడిగినట్టు.
అక్కడ ఫోను మోగుతనే ఉంటదట,
ఎత్తేటోళ్ళు లేరట.
మూడు నెలల జీతం రాలేదు.
దుర్భిణి అమ్మిండు, నలభై దిర్హాములకు.
దాద్ కరీం ఇప్పుడు దాంతోటి
మేడ మీంచి పావురాలను చూస్తడు.

ఎండకాలానికి ఆ దేశపోళ్ళు విమానాలకు విమానాలు దిగిన్రు,
టీవీలు, తోలు కోట్లు గోనెసంచుల్ల కుక్కుకొని పోను.
ఆ గుంపుల వాదిమ్ సాబు దుబాసి,
చేతుల కాలిక్యులేటరు.
చొక్కా సొంతంగ ఉతుక్కుంటున్నడు.
కాలరు చూస్తే నాకు తెల్వదా?

ఇంకొకాయన వచ్చిండు, నల్లద్దాలు, డాలర్లు.
వాదిమ్ ఏమడిగేటోడు? అన్నడు.
ఉతుకుడు ధర, అన్న.
నవ్విండు, ఆయనకంతా తెలుసు.
పోతూ పోతూ అన్నడు,
వాళ్ళు కూలినంక మా ఆఫీసుల గూడ
సగం కుర్చీలు లేపుతున్నరని.
ఆయన బట్టలు గూడ మళ్ళ రాలేదు.

తొంభై మూడుల వాదిమ్ సాబు ఉన్నికోటు ఇచ్చిపోయిండు.
ఈ ఉక్కపోతల ఉన్నికోటు!
చీటీ నంబరు పదిహేడు.
తీసుకపోను రాలేదు.
యాడాది దాటితే అమ్ముకొమ్మంటడు దాద్ కరీం.

ఇక్కడ నల్లజీడి దొరకదు.
బాల్‌పెన్నుతోటి లోపల కాలరు మీద
రెండు చుక్కలు పెట్టి, కింద గీత గీసిన.
ఉతికితే పోతది.
ఉతకలె.