పేక లేని బట్ట

ఖోర్ ఫక్కాన్ ఐసు ఫ్యాక్టరీల
రాత్రి డ్యూటీ నాది.
బయట ఆగస్టు, రేకు ముట్టుకుంటే బొబ్బలేస్తది.
లోపట దిమ్మె మీద దిమ్మె,
రెండు స్వెట్టర్లల్ల నేను.

తెల్లారంగ సులయ్యిం నాఖుదా పడవ ఒడ్డుకొచ్చింది.
నూటయాభై బారల కింద
గాలం దేన్నో పట్టి ఇడువలేదంట.
పెద్ద చేపనుకొని గుంజితే
బెత్తెడు గూడ లేని చెట్టు.
బలూచి పిలగాడు దాద్‌కరీం
నా తట్టల పారేసి నవ్విండు:
"ఉక్కపోస్తుందంటవు గదా, ఇగో పంఖా!"

పంఖానే.
ఆకు కుళ్లిపోయినంక
ఈనెలు మాత్రం మిగిలినట్టున్నది.
కాడ అగ్గిపుల్లంత.
గీరుకుపోయిన కాడ లోపలి ఎముక కనవడ్డది,
నల్లగ, గుర్రపు వెంట్రుక లెక్క.
వంచితే వంగింది, విరగలేదు.
పైన మాత్రం నారింజ తొక్క రంగు తోలు,
తోలు నిండ గసాలంత బుడిపెలు.

ఇరవై రెండేండ్లు
సిరిసిల్లల మరమగ్గం నడిపిన కండ్లు ఇవి.
పోగు తెగితే సప్పుడుతోనే పట్టేటోన్ని.
దీంట్ల ఎంత ఎతికినా పేక దొరకలే.
అంతా పడుగే.
ఒక పోగు రెండైతది, రెండు నాలుగైతయి,
పక్కదానికి తాకకుండ
సందు ఇడిచి సాగుతయి.
అయినా మొత్తం ఒక్క తీరుగ పరుచుకున్నది,
దండెం మీద ఆరేసిన తువ్వాల లెక్క.

పడవ అడుగున మిగిలిన ఉప్పునీళ్లు
నా చాయ్ మగ్గుల పోసి
దాన్ని ముంచి దిమ్మె మీద పెట్టిన.
లారీ నింపి వచ్చెవరకు
ఒక్క బుడిపె ఇచ్చుకున్నది.
ఒక్కటే.
లెక్కబెట్టిన: ఎనిమిది చేతులు,
ఒక్కో చేతికి రెండు దిక్కుల కుచ్చులు.
ఊపిరి ఆపుకున్న,
నా ఊపిరి దానికి వేడి అనిపించి.

నాఖుదా బీడీ ఆర్పి వంగి చూసిండు.
"కింద ఎప్పుడూ చలే" అన్నడు,
"ఎండ తెల్వదు దీనికి.
బండను పట్టుకొని
నీళ్లు వచ్చే దిక్కుకు అడ్డం నిలబడ్తది.
వచ్చింది తింటది. రానినాడు పస్తు."
అంటే ఇది విసరదు.
నీళ్లే దీన్ని విసురుతుంటయి.

ఏడు గంటలకు తలుపు సందుల నుంచి ఎండ పడ్డది.
చేతులన్నీ లోపటికి గుంజుకున్నది.
చలి నాకు నౌకరి, దానికి ఇల్లు.
"మల్ల అక్కడనే దింపు" అన్న.
"బతకదు రాజేశం."
"బతకకున్నా సరే."
తలకాయ ఊపి, మగ్గుతోనే తీస్కపోయిండు.

నాలుగు రోజులకు కనవడితే అడిగిన.
రాయి కట్టి దింపిండంట,
తాడు వదులైందాక పట్టుకున్నడంట.
నిలబడ్డదో, ఒరిగి పడ్డదో
ఎవలు చూసొస్తరు?

మగ్గు మాట ఎత్తలేదు.
నేను గూడ అడగలే.
చాయ్ ఇప్పుడు
కోసిన నీళ్ల సీసాల తాగుతున్న.