తడిగుడ్డ లెక్క

పొట్టంగి తోటల ఆఫీసు వెనక
నాలుగు కాళ్ల మీద ఒక తెల్ల చెక్కపెట్టె.
చుట్టూ రెక్కలు. గాలి దూరుతుంది, ఎండ దూరదు.
అల్లం బుట్ట దించుకుంటూ సోమారి అడుగుతుంది
వచ్చీరాని తెలుగులో:
"లోపల కోడిని పొదగెట్టినావా?"

లోపల రెండు గాజుకడ్డీలు.
ఒకదాని బుడ్డి ఉత్తగా ఉంటుంది.
రెండోదానికి మల్లుగుడ్డ చుట్టి
తోకని చిన్న గిన్నెడు నీళ్లలో వదులుతాను.
గుడ్డ ఆరుతున్నకొద్దీ బుడ్డి చల్లబడుతుంది,
చెమట పట్టిన వీపుకి సుంకి ఘాట్ గాలి తగిలినట్టు.
పొద్దున్న ఎనిమిదిన్నరకి రెండూ చదివి
తేడా రాయడం నా కొలువు.
నెలకి వాళ్లిచ్చేది నాలుగుసార్లు సాలూరు వెళ్లొస్తే సరి,
అది వేరే సంగతి.

అంకెలు ఒడియాలో వేస్తాను.
తీసివేత మాత్రం తెలుగులోనే, పెదాలు కదుపుతూ.

మే నెలలో తేడా పదకొండు.
ఏ గుడ్డ ఆరేసినా ఆకాశం తాగేస్తుంది,
గిన్నె రోజుకి రెండుసార్లు నింపాలి.
జూలైలో రెండు. ఒక్కోరోజు ఒకటి.
కడుపునిండా మేసిన గేదె గడ్డివాము వైపు చూసినట్టు
గాలి నా గిన్నె వైపు చూస్తుంది.

ఈ పని నేర్పింది లింగమూర్తి మావయ్య.
"ఆవిరి ఎప్పుడూ ఉంటాదే. కనపడదంతే.
ఇంట్లో అప్పులాగ."
ఇంకోటి కూడా చెప్పేవాడు:
"సున్నా వస్తే వెంటనే రాసీకు. గుడ్డ ముట్టుకుని చూడు.
గాలి నిండిపోయినా సున్నాయే,
గుడ్డ ఎండిపోయినా సున్నాయే.
గాజుకి ఆ రెండిటికీ తేడా తెలీదు."

ఆశ్వయుజంలో మావయ్య పోయాడు.
నాకు ఏడుపు రాలేదు. నీళ్లు కాచాను, వచ్చినవాళ్లకి టీలు పోశాను,
మర్నాడు ఎనిమిదిన్నరకి రీడింగు తీశాను.
అత్త గుమ్మంలో ఎవరితోనో అంటోంది:
"ఎండిపోయింది ఈ పిల్ల."

డిసెంబరులో ఒక పొద్దున్న
తలుపు తీస్తే పెట్టె లేదు. ఆఫీసు లేదు.
ఘాట్ రోడ్డు మీద లారీలు ఉత్త హారన్లయి పోతున్నాయి.
టార్చి వేస్తే వెలుతురు రెండడుగులు నడిచి చతికిలబడింది.
తడుముకుంటూ వెళ్లి, కళ్లద్దాలు తుడిచి, మళ్లీ తుడిచి
చదివాను.
పొడి తొమ్మిది. తడి తొమ్మిది.

రాత్రంతా చల్లబడి చల్లబడి
గాలి ఇంక మొయ్యలేక
దొరికినదాని మీదల్లా దించేస్తోంది.
సిల్వర్ ఓక్ ఆకుల కొసలకి,
సాలెగూటి పోగుపోగుకీ,
లారీలు లేపిన ఎర్రదుమ్ములో ఒక్కో రేణువుకి
(పట్టుకోడానికి అంత మురికైనా లేకపోతే చుక్క కట్టదట),
నా కనుబొమలకి.

ఫోనులో సాహెబు నవ్వాడు:
"గుడ్డ ఎండిపోయుంటుంది, చూసుకో."

వేలితో ముట్టుకున్నాను.
తడిగానే ఉంది.
వేలు అక్కడే ఉంచి చాలాసేపు నిలబడ్డాను,
ముఖమంతా తడిసింది, అందులో మంచు ఎంతో
కొలవడానికి ఏ కడ్డీ లేదు.

రిజిస్టరు తెరిచి వేశాను.
ఒడియాలోనూ తెలుగులోనూ ఒకేలా ఉండే అంకె అదొక్కటే.
సిరా ఆరలేదు, అంచులు ఉబ్బి పాకింది.

తెల్లటి లోపలి నుంచి ఎక్కడో
సోమారి గొంతు, బుట్ట దించిన చప్పుడు:
"ఏమే, పిల్లలు చేసిందా?"