చేబదులు

ఉదయగిరి వంతెన దిగంగానే
ఎడంపక్క రేకుల షెడ్డు నాది.
ముప్పై ఏళ్లు అక్కడే సైకిళ్లు అద్దెకిచ్చినా.
గంటకు అర్ధ, పూటకు రెండు.
మడ్‌గార్డు మీద తెల్లరంగు నంబరు,
నోటుబుక్కులో పేరు, టైము, తండ్రి పేరు.
ఇరవై రెండు సైకిళ్ల మీద
సగం కావలి తొక్కడం నేర్చుకుంది.
మోకాలి మచ్చలు చూసి
ఇప్పటికీ కొందర్ని గుర్తుపడతా.

ఇప్పుడా గోడకు
పదహారు అరల ఇనప బీరువా.
నీడా, గోడా, మీటరూ ఉంటే చాలు తాతా
అన్నారు కంపెనీ పిల్లోళ్లు.
అరకో బ్యాటరీ.
ఎర్రలైటు వెలిగితే ఇంకా తింటా ఉందని,
పచ్చలైటు వెలిగితే చెయ్యి కడుక్కుందని.
ఖాళీది పెట్టు, నిండింది పట్టుకుపో.
టీ చల్లారేంత సేపు కూడా పట్టదు,
పక్క కొట్టు పోలయ్యకు అదే కోపం.

మొదట్లో ఒక కంపెనీది ఇంకో కంపెనీ అరలో దూరేది కాదు.
నాకు నవ్వొచ్చేది:
ఏ సైకిలు పంక్చరైనా
ఒకే పంపుతో గాలి కొట్టినోణ్ని.
ఏడాది కొట్లాడుకుని
ఇప్పుడు అందరూ ఒక కొలతకొచ్చారు.

కాలేషా ఆటో కొన్నది ఈ బీరువాను నమ్మే.
బ్యాటరీతో కొనాలంటే ఇంటి కాగితం
ఫైనాన్సోడి సొరుగులో పడుకోవాల.
అది లేకుండా కొంటే సగానికి సగం.
"ప్రాణం లేని బండి కొన్నావేందిరా"
స్టాండంతా ఎగతాళి.
"ప్రాణం చేబదులు తెచ్చుకుంటాలే" అన్నాడు.

చేబదులంటే వడ్డీ ఉండకూడదు,
ఇక్కడ మార్చిన ప్రతిసారీ ఫోన్లో డబ్బు తెగుతుంది.
అయినా వాడి మాటే నా నోట్లో నిలబడిపోయింది.

ఎంత తాగింది, ఎంత మిగిలింది
బీరువాకు తెలుసు.
దానికి తెలియనివి నేను రాసుకుంటా,
పాత అలవాటు.

ఏడో నంబరు. వెంగమ్మ, తుమ్మలపెంట.
పిడికి చేపల నీసు. తడిగుడ్డతో తుడిచినా.
ఏడో నంబరు. కాలేషా, ముసునూరు నుంచి.
కాన్పు నొప్పులు. ఆడబిడ్డంట.
ఏడో నంబరు. ఎవరో కొత్తాయన.
తిరిగొచ్చేటప్పటికి పిడి మీద పసుపు.

ఒకే బ్యాటరీ, ఒకటే రోజు.
నాది అన్నోడు లేడు,
నాది కాదని విసిరికొట్టినోడూ లేడు.

కార్తీకంలో వాయుగుండం పట్టినప్పుడు
రెండు రోజులు కరెంటు లేదు.
పదిహేను అరలు ఎర్రగా,
పదకొండోది ఒక్కటే పచ్చగా.
ముందు ఆరు బండ్లు.
ఎవరి ఫోను ముందు మోగితే వాళ్లదే,
కాలేషాది మోగింది.
ఐసు కరిగిపోతా ఉంది,
"నీ చెయ్యి పడిపోను" అని తిట్టింది వెంగమ్మ.
ఆటోలో డయాలసిస్ ముసలామె ఉందని
వాడు చెప్పలేదు.
అడిగే తీరిక ఎవరికీ లేదు.

గంటకు తిరిగొచ్చాడు, వాన్లో.
బ్యాటరీ ఊడబీకి
ఆమె బండి సీటు ఎత్తి, తనే బిగించాడు.
"అరవై ఒకటుంది. ఇంటికి సరిపోతాది."
ప్రాణం లేని బండిని
నేనొక పక్క, వాడొక పక్క
షెడ్డులోకి తోసినాం.
రాత్రంతా అందులోనే పడుకున్నాడు,
కాళ్లు బయటికి పెట్టి.

మర్నాడు ఆఫీసు నుంచి ఆడపిల్ల గొంతు:
"పదకొండు కాలేషా పేరు మీద ఉంది,
మనిషి కావలిలో ఉన్నాడు,
బ్యాటరీ సముద్రం ఒడ్డున ఉంది. ఏంది తాతా ఇది?"

నోటుబుక్కు తెరిచి చదివినా.
షేక్ కాలేషా, తండ్రి దస్తగిరి.
ఇచ్చింది వెంగమ్మకు, రాత్రి ఎనిమిదిన్నరకు.
చేబదులు.

కాసేపు కీబోర్డు చప్పుడు.
"మా దాంట్లో ఆ గడి లేదు తాతా."

"గీసుకో తల్లీ.
స్కేలు లేకుంటే నాది ఇస్తా,
మళ్లీ తెచ్చి ఇవ్వు."