రెండు ప్రశ్నార్థకాల నడుమ

నల్లగొండల గడియారం కాడ్నుంచి రెండో సందు,
నీళ్ల పరీక్షల ఆఫీసు. మెట్ల కింద నా కుర్సీ.
కాంట్రాక్టు కొలువు. పదకొండు నెలలకోసారి సంతకం.
నా పని, ఊర్లన్నిటినీ ఒక్క ఫైలుల పెట్టుడు.

జిల్లాల మండలం, మండలంల ఊరు,
ఊర్ల బోరు, బోరు కింద ఒక అంకె.
గిన్నెల గిన్నె పేర్చినట్టు
తెరిచిన ప్రతి ట్యాగునూ మూసుకుంట రావాలె.
ఒక్క మూత మరిస్తే
జిల్లా మొత్తం తెల్లటి తెర.

అంకెలు దినాం మారుతయి.
చేత్తోని రాస్తే ఒడువదు.
అందుకే అంకె ఉండాల్సిన తావుల
చిన్న స్క్రిప్టు ముక్క కుట్టిన.
అది ప్రశ్నార్థకంతోని తెరుచుకుంటది,
ప్రశ్నార్థకంతోనే మూసుకుంటది.
నడుమ నేనేం రాసినా
సర్వర్ చదువుకుంటది, చేస్తది,
ప్రశ్నల్ని తుడిచేసి
జవాబొక్కటే బయటికి తోలుతది.

మొదటి దినమే మొదటి లైన్ల ఇరిగింది.
పత్రం తన పేరు చెప్పుకునే వరుస గూడ
అదే గుర్తుతోని మొదలైతదట.
"నేను ఫలానా" అని అదంటే
సర్వర్ హుకుం అనుకున్నది.
మూడు గంటలు తల పట్టుకున్న.
ఆఖరికి ఆ పేరు గూడ
స్క్రిప్టు నోటితోనే చెప్పించిన.
జహంగీర్ చాచా చాయ్ గిలాస పెట్టి
తెర దిక్కు తొంగి చూసి,
"ఇన్ని సవాళ్లడిగితే ఎవలు పలుకుతరు బిడ్డా" అన్నడు.

పొద్దు వాలంగ మర్రిగూడ దిక్కునుంచి ఈదమ్మ వచ్చింది.
పోయిన నెలిచ్చిన సీసా లెక్క చెప్పుమన్నది.
మెడ తిరగదు. మనిషే తిరిగి తెరను చూసింది.
నాలుగు పాయింట్ రెండు.
"ఈ అంకె యాడికెల్లి వచ్చింది?"
పేజీ తిరగేసి లోపలి రాత చూపించిన.
అక్కడ గూడ నాలుగు పాయింట్ రెండే.
నేను రాసిన పన్నెండు వరుసలు లెవ్వు,
కుట్టిన జాడ లేదు.

ఈదమ్మ కొత్త సీసాను ట్యూబులైటుకు అడ్డం పట్టింది.
"ఇవి గూడ గంతే. ఎంత తెల్లగున్నయో సూడు."

ఆమె మెట్లు దిగకముందే పై అంతస్తు నుంచి ఫోను.
"ఒకటిన్నర దాటిన కాడ అంకె వద్దు.
'పరిశీలనలో ఉంది' అని పడేటట్టు చెయ్యి.
లోపల్నే గదమ్మా, ఎవలకు కనబడ్తది?"

నిజమే. ఎవలకూ కనబడదు.
ఒక్క 'అయితే', ఒక్క 'లేకుంటే',
నాలుగు వందల బోర్లు నోరు మూసుకుంటయి.

కీబోర్డు మీద వేళ్లు పెట్టుకొని
కిటికీలకెల్లి చూసిన.
బస్టాండు దిక్కు పోతున్నది ఈదమ్మ.
నడుము పైనుంచి కొంకి తిరిగిన మనిషి,
కింద చుక్క లెక్క చేతిల సీసా.

సారు చెప్పింది రాసిన.
రెండు ప్రశ్నార్థకాల నడుమ కాదు,
సర్వర్ ముట్టకుండ వదిలేసే తావుల,
పేజీ వెంబడి బయటికి పోయే వ్యాఖ్యల.
తారీకు, టైము, అన్న మాట అన్నట్టే.
తెర మీద అది కనబడదు.
తిరగేసి చూసేటోళ్లకు కనబడ్తది.

ఈదమ్మ ఊరి బోరు కింద
నాలుగు పాయింట్ రెండు అట్లనే ఉన్నది.
నా పదకొండో నెలకు
ఇంక ఇరవై దినాలున్నయి.