సొరుగు

వహాకాలో మా బడి గోడ మీద
కొత్త పోస్టరు అంటించింది నేనే.
నవ్వుతున్న క్యారెట్టు, కోపంగా చూసే చిప్సు పొట్లం.
పిల్లలకు నచ్చింది చిప్సు మొహమే.

గేటు బయట దోన్యా ఎఫ్రేనా
ఇరవయ్యేళ్ల వేపుళ్ల బండి మానేసి
హీకమా దుంపలు చెక్కుతోంది.
తెల్లటి ముక్కల మీద నిమ్మకాయ పిండి, ఉప్పూ కారం చల్లి
"రుచంతా కారానిదే టీచరమ్మా,
దుంప ఊరికే పక్కన కూర్చుంటుంది" అంటుంది.

యాహిర్ సాక్సులో ఒక పొట్లం.
సిత్లాలి లెక్కల పుస్తకం నడుమ, నలిగి, ఇంకొకటి.
గరగరమన్న ప్రతి చప్పుడుకీ తల తిప్పి
నా బల్ల సొరుగు నింపుతూ వచ్చాను.
శుక్రవారానికి అది మూసుకోవడం మానేసింది.

ఆ సాయంత్రం మీటింగు. విషయం, చక్కెర.
తాగడానికి కోలా ఇచ్చారు.
తర్వాత వాన. బస్సు జాడ లేదు.
మధ్యాహ్నం నేను తిననే లేదని అప్పుడు గుర్తొచ్చింది.
బల్లల మీద తలకిందులుగా కుర్చీలు,
దిద్దాల్సిన నోటుబుక్కులు,
నేను.

ఒక్కటే అనుకున్నా.
ఎవరైనా అలాగే అనుకుంటారు.

సోమవారం యాహిర్ తన నోటుబుక్కు తెరిచి
ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.
ఏడో లెక్క పక్కన, నా ఎర్ర టిక్కు మీద,
నారింజ రంగు వేలిముద్ర.

ఎవరికీ చెప్పలేదు వాడు.
విరామంలో గేటు ఊచల్లోంచి చెయ్యి చాపి కొని
హీకమా ముక్కొకటి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు,
కారం ఎక్కువేయించి.