తూకపు రాయి

షెఫీల్డ్‌లో దారి అంటే ఎక్కుడే.
పాలప్యాకెట్టుకి వెళ్ళొచ్చినా
పిక్కలు లెక్క అడుగుతాయి.

నలభై ఏడేళ్ళొచ్చాక
సైకిలుకి వాట్లు కొలిచే మీటరు కొంటానంటే
ఆసుపత్రి ఫార్మసీలో అందరూ నవ్వారు.
"గుండె దడ చూసుకుంటే చాలదూ?" అన్నాడు అలిస్టర్.
కాఫీ తాగినా దడే,
పైఅధికారి పిలిచినా దడే.
నేను కొలవాలనుకున్నది నా భయాన్ని కాదు.

ఒకప్పుడు కత్తులకు సానపట్టిన షెడ్డులో
ఇప్పుడు మోరీన్ సైకిళ్ళ కొట్టు.
గోళ్ళ కింద గ్రీజు, ముక్కు కొసన కళ్ళజోడు.
మూడు పెట్టెలు తెరిచి పెట్టింది,
దేన్నీ పొగడకుండా.

మొదటిది ఎడమ క్రాంకుకి అంటించినది. చవక.
ఎడమ కాలి బలాన్ని కొలిచి
రెండుతో గుణించి
మనిషి మొత్తం ఇంతేనంటుంది.
"చాలామందికి సరిపోతుంది" అంది.
నేను ప్యాంటు మోకాలి దాకా లాగాను.
జానెడు మచ్చ. లోపల కడ్డీ,
ఈ ఊరి ఉక్కో కాదో తెలియదు.
ఆరేళ్ళ కిందట మంచు మీద జారిన బస్సు
నాలో వదిలి వెళ్ళిన సామాను.
మోరీన్ ఏమీ అనలేదు.
మొదటి పెట్టెకి మూత పెట్టేసింది.

రెండోది వారం రోజులు అరువిచ్చింది.
జెంకిన్ రోడ్డు మీద, గోడ పట్టుకుని నడిచే ఆ నిట్టనిలువు మీద,
రెండువందల ముప్పై వాట్లు!
ఆ సాయంత్రం గిన్నెలు తోముతూ కూడా ఈల వేశాను.
నాలుగు రోజులకి అదే కొండ,
అదే సమయం, అదే రొప్పు.
నూట డెబ్బై.
మధ్యలో మారింది నేను కాదు, కాస్త ఎండ కాసిందంతే.
వాతావరణాన్ని బట్టి మాట మార్చేవాళ్ళతో
ఉద్యోగం చేస్తున్నాను, చాలు.
ఇంటికి కూడా తెచ్చుకోను.

"తప్పు చెప్పినా పర్లేదు,
రోజూ అదే తప్పు చెప్పాలి" అంది మోరీన్.
మా మేనత్త ఇంటి గోడగడియారం
పన్నెండు నిమిషాలు ముందు నడిచేది.
ఆ ఇంట్లో ఎవరికీ రైలు తప్పిపోలేదు.

మూడోది పెడళ్ళ జత.
ఏ కాలి లెక్క ఆ కాలిదే.
కొన్నాక నమ్మడానికి ఇంకో వారం పట్టింది.
సోనా మసూరి, పది కిలోల సంచి.
ముందు ఫార్మసీ కాటా మీద పెట్టాను,
అచ్చువేసిన అంకెను నమ్మే ఉద్యోగం కాదు నాది.
నూట నలభై గ్రాములు ఎక్కువే.
వంటింట్లో సైకిలు స్టాండెక్కించి
క్రాంకుని నేలకి సమంగా ఆపి
వెనక బ్రేకు బిగించి
పెడలుకి సంచి వేలాడదీశాను.
మా ఆయన గుమ్మంలో నిలబడి చూశాడు.
"బియ్యాన్ని ఉరి తీస్తున్నావా?
కాస్త జరుగు, టీ పెట్టుకోవాలి."

పదహారు పాయింట్ తొమ్మిది రావాలి.
వచ్చింది.
రెండో వైపూ అంతే.
మర్నాడు తెల్లవారుజామున, పళ్ళు కొట్టుకునే చలిలో,
షెడ్డులో మళ్ళీ వేలాడదీశాను. పదహారు పాయింట్ తొమ్మిది.

బయల్దేరే ముందు ప్రతిసారీ
రెండు కాళ్ళూ కింద పెట్టి, మీట నొక్కి
ఖాళీ అంటే ఏమిటో దానికి చూపించాలి.
అప్పుడుగానీ బరువు సంగతి మాట్లాడదు.

ఎడమ నలభై ఒకటి. కుడి యాభై తొమ్మిది.
జెంకిన్ రోడ్డు పైన, గేటుకి ఆనుకుని
ఆ రెండంకెల్నీ చాలాసేపు చూశాను.
"పూర్తిగా కోలుకున్నారు" అని
ఆరేళ్ళ కిందట కాగితం మీద సంతకం ఉంది.
కుడికాలు ఒక్కసారీ
ఎవరితోనూ ఏమీ అనలేదు.

మొత్తం? నూట అరవై ఎనిమిది.
మోరీన్‌కి చెబితే
"సరే, పెడళ్ళు మళ్ళీ బిగించావా?" అంది.

ఆ సంచి ఇంకా కింది అరలోనే ఉంది.
నిన్న బియ్యం నిండుకుని
మా ఆయన కత్తెర పట్టుకుని వచ్చాడు.
ముట్టుకోవద్దన్నాను.
బ్రెడ్ తిన్నాం.