పెదవులు తగలని భాష

మా తాత పేరు పైకి చదవండి: హాదెగోస్.
చూశారా, పెదవులు ఒక్కసారీ తగల్లేదు.
మా సెనెకా భాషంతా అంతే,
నోరు మూస్తే తప్ప పుట్టని అక్షరం మాకు లేదు.
పొగగొట్టం పళ్ళ మధ్య ఉంచుకునే
పొద్దంతా మాట్లాడొచ్చు.
ఆయన మాట్లాడాడు కూడా.

బఫెలో వాగు ఒడ్డున, పొడవాటి ఇంట్లో,
ఉల్లంకిపిట్ట వంశం ఆడవాళ్ళు
ఆయన నెత్తిన జింక కొమ్ములు పెట్టి నాయకుణ్ణి చేసిన రోజు
మా ముత్తవ్వ చెప్పిందట:
"పెట్టింది మేం. తీసేదీ మేమే.
ఈ గొంతు నీది కాదు, మా మొక్కజొన్న చేలది."

భూముల కంపెనీవాళ్ళు వచ్చారు.
ఊదారంగు గవ్వపూసల పట్టీ చేత్తో పట్టుకుని
రెండు రోజులు నిలబడి మాట్లాడాడు తాత.
దుబాసీ ఎజ్రా టట్‌హిల్
గంటసేపటి మాటని నాలుగు ముక్కల్లో తేల్చేసేవాడు.
కంపెనీవాళ్ళలో ఒకడు గోళ్ళు తీసుకుంటున్నాడు.

పేపరు, ప్రామిస్, పేమెంటు, మైన్:
వాళ్ళు తెచ్చినవన్నీ పెదవి మూసి మొదలెట్టే మాటలే.
"గమనించండి," అని నవ్వించాడట తాత,
"ఇచ్చే ముందు ప్రతిసారీ తలుపేసి చూసుకుంటారు."

ఆ రాత్రి హోటలు మేడగదిలో ఏం జరిగిందో
నాకు ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు.
విస్కీ అన్నారు. ఆకలి అన్నారు.
ఎలాగూ పోయేదే అనుకున్నాడన్నారు.
కాయితం మీద మాత్రం ఒక్కటే రకం:
ఒకదాన్నొకటి కోసుకునే రెండు గీతలు,
పక్కన ఆయన పేరు, తప్పుల తడకగా.

తెల్లారి మంచులో నడిచి వచ్చింది ముత్తవ్వ,
కొమ్ములు తీసుకుపోవడానికే.
తీయడానికి వీలుగా తల వంచి కూర్చున్నాడాయన.
చాలాసేపు చూసింది.
"ఇంక ఉంచుకో," అని వెళ్ళిపోయింది.

తొమ్మిదేళ్ళు ఏ సభలోనూ లేవలేదు తాత.

మిషన్ బడిలో నాకు జెమీమా అని పేరు పెట్టారు.
ఆయన నోట అది జెవీవా.
నాకు ఉక్రోషం. ఒళ్ళో ఎక్కి
ఆ ఎండిన పెదవులు రెండూ వేళ్ళతో నొక్కిపట్టి
"మూయి తాతా, మూసి తెరు" అనేదాన్ని.
నా వేళ్ళకి పొగాకు వాసన.
"దీన్ని తెరిచే ఉంచమని కదే నాకు కొమ్ములు పెట్టింది,"
అనేవాడు, నవ్వో దగ్గో తెలిసేది కాదు.

మేపుల్ చెట్లకి గాట్లు పెట్టే రోజుల్లో మంచాన పడ్డాడు.
పాదిరి పుస్తకం తెరిస్తే గోడవైపు తిరిగాడు.
నన్ను పిలిచాడు.
పెదవులు ఒకసారి కలిసి విడిపోయాయి, సరిగ్గా.
రెండోసారి కలిశాయి.

పదో రోజు విందులో ఆయన పళ్ళెంలో కూడా
చిక్కుళ్ళు కలిపి ఉడికించిన మొక్కజొన్న రొట్టె పెట్టాం.
ఎజ్రా టట్‌హిల్ వచ్చాడు, ముసలాడైపోయి.
తాత గురించి చెప్పమన్నారు.
టోపీ చేతిలో తిప్పుతూ
ఎక్కడ కుదించాలో తెలియక
పొద్దుపోయేదాకా చెబుతూనే ఉన్నాడు.